ఆన్‌లైన్ నేరాన్ని దేనితో తూచాలి?

దారిలో ఎవరో కత్తి చూపించి డబ్బు లాక్కుంటే, ఇంటికొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. దెబ్బలేమైనా తగిలాయా అని అడుగుతారు. అదే డబ్బు ఒక ఫోన్ కాల్ వల్ల పోతే మొదటి ప్రశ్న వేరేగా ఉంటుంది: "ఓటీపీ ఎందుకు చెప్పావ్? ఆ మాత్రం తెలీదా?" పోయిన మొత్తం అంతే, పోగొట్టుకున్న మనిషీ ఆ మనిషే. కానీ మొదటిసారి బాధితుడు, రెండోసారి ఇంట్లోవాళ్ల ముందు దాదాపు నిందితుడు.

చట్టం తీరు చూస్తే ఇంకో వింత. ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం చేయని కంప్యూటర్ చొరబాటుకు దశాబ్దాల జైలంటూ భయపెడుతుంది. అనుమతి లేకుండా పంచి మనిషి బతుకును తలకిందులు చేసిన ఏకాంత ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పంచినవాడికి బాధపెట్టే ఉద్దేశం ఉందా లేదా అని తర్కించుకుంటూ కూర్చుంటుంది. ఈ రెండు ధోరణులకూ మూలం ఒకటే. ఎవరికి ఎంత గాయమైందన్న దానికంటే, నేరంలో కంప్యూటర్ ఉందన్న సంగతి మీదే అందరి చూపూ ఆగిపోతోంది. సమాజానికి ఆ కంప్యూటర్ నేరాన్ని తేలిక చేసే వస్తువు. చట్టానికి చాలాసార్లు అదే నేరాన్ని పెద్దది చేసే వస్తువు.

ఈ తడబాటు మొదట్నుంచీ ఉన్నదే. 1980ల మధ్యలో బ్రిటిష్ టెలికామ్ ప్రెస్టెల్ అనే సమాచార వ్యవస్థను నడిపేది. స్టీవ్ గోల్డ్, రాబర్ట్ షిఫ్రీన్ అనే ఇద్దరు, ఆ సంస్థ ఇంజనీరు లాగిన్ తెలుసుకుని అందులోకి దూరారు. అటూ ఇటూ తిరిగి చివరికి రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ మెయిల్‌బాక్సు దాకా వెళ్లారు. ఆ ఇంజనీరు లాగిన్‌కు పాస్‌వర్డ్ 1234. (నలభై ఏళ్లయినా కొన్ని అలవాట్లు మారలేదు.) పట్టుకోవడమైతే పట్టుకున్నారు గానీ ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలో ఎవరికీ పాలుపోలేదు, ఎందుకంటే అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం నేరమని అప్పటికి అక్కడ ఏ చట్టమూ చెప్పలేదు. దాంతో 1981 నాటి ఫోర్జరీ చట్టాన్ని బయటికి తీశారు. వేరేవాళ్ల పాస్‌వర్డ్ కొట్టడమంటే దొంగ పత్రం సృష్టించడమేనన్నారు. కింది కోర్టు సరేనని జరిమానా వేసింది. పై కోర్టు కొట్టేసింది. 1988లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టుగానూ పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా, క్షణకాలం కంప్యూటర్‌లో నిలిచి మాయమయ్యే అంకెలు పత్రం కాలేవని తేల్చింది. రెండేళ్లకు, 1990లో, బ్రిటన్‌లో కంప్యూటర్ మిస్‌యూజ్ యాక్ట్ వచ్చింది.

2000 మేలో ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. ‘ఐ లవ్ యూ’ అన్న పేరుతో వచ్చిన ఈమెయిల్ వైరస్ కొద్ది గంటల్లో ప్రపంచమంతా పాకింది. దాని మూలం ఫిలిప్పీన్స్‌లో ఉందని తేలింది, అనుమానితుడూ దొరికాడు. కానీ అలాంటి పని నేరమని చెప్పే చట్టం అప్పటికి ఆ దేశంలో లేదు. వచ్చే నెలలోనే చట్టం చేశారు గానీ దాన్ని జరిగిపోయిన పనికి వర్తింపజేయడం కుదరదు. కేసు ఎత్తేశారు. నష్టపోయినవాళ్లకు ఇది చేదుగా అనిపించినా, చేసిన రోజున నేరం కానిదానికి తర్వాత శిక్ష వేయకూడదన్న సూత్రం అంతకంటే విలువైనది. పెద్ద నష్టం జరిగింది కాబట్టి ఈ ఒక్కసారికి పక్కనపెడదాం అంటే, ఆ మినహాయింపు అక్కడితో ఆగదు.

ఇలాంటి ఖాళీల భయంతో కొన్నిచోట్ల చట్టాలు ముందునుంచే మరో అంచుకు ఊగాయి. ఏదీ జారిపోకూడదని మాటల్ని వీలైనంత వెడల్పుగా రాశారు. అమెరికాలో 1986లో వచ్చిన కంప్యూటర్ మోసాల చట్టం ‘అనుమతి లేకుండా’, ‘అనుమతికి మించి’ కంప్యూటర్‌ను వాడటం నేరమంది. అనుమతికి మించి అంటే ఎంతవరకు? వెబ్‌సైటు షరతుల్ని ఎవరూ చదవకుండా ‘ఒప్పుకుంటున్నా’ నొక్కుతారు. వాటిల్లో ఒకటి తప్పినా జైలేనా? ఆఫీసు కంప్యూటర్‌లో సొంత పని చూసుకున్నా జైలేనా? ఈ ప్రశ్నకు ఆ దేశ సుప్రీంకోర్టు సూటిగా జవాబు చెప్పడానికి 2021 దాకా పట్టింది. వాన్ బ్యూరెన్ అనే పోలీసు అధికారి కేసులో, తనకు చూసే హక్కున్న సమాచారాన్ని తప్పుడు పనికి వాడుకోవడం ఈ చట్టం కిందికి రాదని చెప్పింది. అలా వాడిన ఆ అధికారి మంచి పని చేశాడని కోర్టు అనలేదు. దానికి ఈ చట్టం సరైన కొరడా కాదంది, అంతే.

ఈ లోపు ఆ కొరడా ఆరన్ స్వార్ట్జ్ అనే యువ ప్రోగ్రామర్ మీద పడింది. ఎంఐటీ అనే అమెరికా విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే పరిశోధన వ్యాసాల భాండాగారంలోని లక్షల వ్యాసాల్ని అతను దించుకున్నాడు. 2011లో కేసు పెట్టినప్పుడు ప్రాసిక్యూటర్లు గరిష్ఠంగా 35 ఏళ్ల జైలు పడొచ్చని ప్రకటించారు. కంప్యూటర్ ఆదేశంతో చేసినా గునపంతో చేసినా దొంగతనం దొంగతనమే అన్నది వాళ్ల వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ గునపంతో దొంగ పడ్డ ఇంట్లో తెల్లారేసరికి వస్తువులు ఉండవు. ఇక్కడ ఒక్క వ్యాసమూ పోలేదు, ఉన్నవన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కేసు కొనసాగించే ఆసక్తి తమకు లేదని జేస్టోరే చెప్పింది. అతను చేసింది తప్పే కాదని దీని అర్థం కాదు. నెట్‌వర్క్‌కు ఇబ్బంది కలిగింది, నిబంధనలు దాటాడు. అయినా 35 ఏళ్లన్న అంకె ఆ పని బరువును చూసి పుట్టింది కాదు, సెక్షన్ల కూడికలోంచి పుట్టింది. విచారణ మొదలవకముందే, 2013 జనవరిలో, 26 ఏళ్ల వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు.

వెడల్పు చట్టం మాటల మీద పడితే ఏమవుతుందో భారతదేశంలోని ఐటీ చట్టం సెక్షన్ 66ఎ చూపించింది. 2008 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ ప్రకారం ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించే సందేశాలకు కూడా మూడేళ్ల దాకా జైలు వేయొచ్చు. పక్కవాడికి చిరాకు తెప్పించడం నేరమైతే బయట మిగిలేవాళ్లెవరు? అదే మాట పత్రికలో అచ్చయితే నేరం కాదు, ఫోన్లో టైపు చేస్తే నేరం. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కింద కూడా కేసులు పెడుతూనే ఉండటంతో 2022లో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

అయితే ఆన్‌లైన్ అన్నది ఏ తేడా తీసుకురాదా? తెస్తుంది, కాకపోతే చట్టాలు సాధారణంగా చూసే చోట కాదు. మొదటిది సంఖ్య. జేబుదొంగ రోజంతా తిరిగినా పదిమంది జేబులు కొట్టలేడు. ఒకే తప్పుడు లింకును లక్షమందికి పంపి, ఒక్కొక్కరి దగ్గర చిన్న మొత్తం చొప్పున లాగడం ఒక్క మనిషికి సాధ్యమే. ఈ నేరం స్టేషన్లలో కనిపించే తీరు మాత్రం వేరు. ఒక్కో ఫిర్యాదు విడిగా చూస్తే చిన్నది, దాని కోసం వేరే ఊరికి ఒక బృందాన్ని పంపడం దండగనిపిస్తుంది. నిజానికి అవన్నీ కలిపితే ఒక బ్యాంకు దోపిడీ కంటే పెద్దవి. ఫిర్యాదుల్ని అకౌంటు నంబరు, ఫోన్ నంబరు, లింకు ఆధారంగా ఒకచోట కలిపి చూసే ఏర్పాటు లేకపోతే, దొంగ ఎంత తక్కువ చొప్పున దోచుకుంటే అంత క్షేమంగా ఉంటాడు. రెండోది దూరం. మోసగాడు ఒక దేశంలో, బాధితుడు ఇంకో దేశంలో, సర్వరు మూడో దేశంలో, డబ్బు దిగిన ఖాతా నాలుగో చోట. మూడోది చెరగకపోవడం. దెబ్బ మానుతుంది. ఒకసారి నెట్‌లోకి ఎక్కిన ఫొటో మాత్రం ఎప్పుడు ఎక్కడ తేలుతుందోనన్న టెన్షన్ ఏళ్ల తరబడి పోదు.

ఈ మూడో తేడాను చట్టం ఎంత ఆలస్యంగా గుర్తించిందో బ్రిటన్‌లో చూడొచ్చు. అనుమతి లేకుండా ఒకరి ఏకాంత చిత్రాల్ని పంచడం ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో నేరమైంది. కానీ బాధితురాలికి మనస్తాపం కలిగించాలన్న ఉద్దేశంతోనే చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. సరదాకి పంపానని, స్నేహితుల గ్రూపులో గొప్పకి పెట్టానని, డబ్బు కోసం అమ్మానని చెబితే ఆ సెక్షన్ వీగిపోవచ్చు. ఆమెకు జరిగిన నష్టంలో మాత్రం వీటివల్ల వీసమంత తేడా రాదు. 2023 ఆన్‌లైన్ భద్రతా చట్టంతో ఈ షరతు తీసేశారు. ఇప్పుడు మొదటి ప్రశ్న ఆమె ఒప్పుకుందా లేదా అన్నదే. అతని ఉద్దేశం శిక్ష ఎంతన్నది తేల్చేటప్పుడు పనికొస్తుంది. ఎనిమిదేళ్లు పట్టినా చట్టం సరైన చోటికి చేరింది. అమెరికాలో 2025 మేలో సంతకమైన చట్టం ఇంకో అడుగు వేసి, బాధితులు అడిగిన 48 గంటల్లో అలాంటి చిత్రాల్ని తొలగించే బాధ్యతను ప్లాట్‌ఫామ్‌ల మీద పెట్టింది. ఏఐతో తయారుచేసినవి కూడా అందులో ఉన్నాయి. శిక్ష పడటానికి ఏళ్లు పడుతుంది, బాధితురాలికి కావాల్సింది మాత్రం ఈ రాత్రికి ఆ ఫొటో అక్కడ లేకుండా పోవడం. చట్టాలు రాసేవాళ్లు ఈ రెండో సంగతిని చాలాకాలం తమ పని అనుకోలేదు.

ఇక డబ్బు మోసాలు. వీటిలో సమాజం తీర్పు మరీ అన్యాయంగా ఉంటుంది. చదువుకున్నవాళ్లు కూడా ఎలా నమ్ముతారని ఆశ్చర్యపోయేవాళ్లు ఆ కాల్ ఎలా నడుస్తుందో చూడాలి. మొదట రికార్డు చేసిన గొంతు: మీ పేరు మీద ఒక పార్సిల్ పట్టుబడింది, వివరాలకు ఒకటి నొక్కండి. నొక్కగానే మర్యాదగా మాట్లాడే మనిషి లైన్లోకి వస్తాడు. పేరు, చిరునామా, గుర్తింపు కార్డులో చివరి అంకెలు తనే చెబుతాడు. ఎప్పుడో ఎక్కడో లీకైన డేటా అది, కానీ వినేవాళ్లకు అదే పెద్ద సాక్ష్యం. తర్వాత కాల్ ‘పై అధికారి’కి మారుతుంది. వీడియోలో యూనిఫాం, వెనక గోడ మీద చిహ్నం. మీరు నిర్దోషి అని నాకు తెలుసు, సహాయం చేస్తాను, కానీ ఇది రహస్య విచారణ, ఎవరితోనైనా మాట్లాడితే వాళ్లనూ ఇరికించాల్సి వస్తుంది అంటాడు. ఫోన్ పెట్టనివ్వరు. గది తలుపు వేయిస్తారు. గంటలు గడుస్తాయి, కొన్నిసార్లు రోజులు. నీళ్లు తాగడానికి వెళ్లాలన్నా అడిగే స్థితికి మనిషి వచ్చాక, ‘పరిశీలన కోసం’ డబ్బు ఒక ఖాతాలోకి మార్చమంటారు, తనిఖీ కాగానే తిరిగొస్తుందంటారు.

ఇందులో తెలివితక్కువతనం పాత్ర చాలా తక్కువ. భయం, ఒంటరితనం, అధికారం పట్ల గౌరవం: ఈ మూడింటినీ ఒక పద్ధతి ప్రకారం వాడుకోవడమే అవతలివాళ్ల వృత్తి. రోజుకు వందల కాల్స్ చేసి ఏ మాట ఎక్కడ పనిచేస్తుందో సరిచూసుకున్నవాళ్లు వాళ్లు. ఎత్తినవాళ్లకు ఇది జీవితంలో మొదటి కాల్. పెద్దగా నష్టపోయేది తరచూ చట్టమంటే భయపడి నిజాయతీగా బతికినవాళ్లే. కేసంటే లెక్కలేనివాడు మొదటి నిమిషంలోనే బూతులు తిట్టి పెట్టేస్తాడు.

నింద వల్ల మనసు నొప్పించడంతో పాటు ఇంకో నష్టముంది, అది నేరుగా దొంగకు లాభం. పంపిన డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. నిమిషాల్లో పది ఖాతాలకు చీలుతుంది, అక్కణ్నుంచి ఇంకా చీలి, నగదుగానో క్రిప్టోగానో బయటపడుతుంది. మొదటి గంటలో ఫిర్యాదు అందితే మధ్యలో ఎక్కడో ఆపే అవకాశముంది. ఇంట్లో ఏమంటారోనని రెండు రోజులు లోలోపల కుమిలి, సిగ్గుతో చాట్ మొత్తం డిలీట్ చేసి, మూడోరోజు స్టేషన్‌కు వెళితే డబ్బూ ఉండదు, సాక్ష్యమూ ఉండదు. "ఆ మాత్రం తెలీదా" అన్న మాట దొంగకు కావాల్సిన ఆ రెండు రోజుల్ని ఉచితంగా ఇచ్చేస్తోంది.

మరి నష్టం ఎవరు భరించాలి? భారత రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన నిబంధనల్లో, ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం లేదు. కానీ ఓటీపీ లాంటివి తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం తనదే. పైన చెప్పిన కాల్‌లో ఇరుక్కున్న మనిషి ఈ లెక్కలో ఎక్కడ నిలబడతాడు? పంపింది తన చేత్తోనే. బ్రిటన్ 2024 అక్టోబర్ 7 నుంచి వేరే దారి పట్టింది. మోసపోయి తన చేత్తోనే దేశంలోని ఇంకో ఖాతాకు డబ్బు పంపినా 85,000 పౌండ్ల వరకు తిరిగివ్వాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం మోయాలి. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే మినహాయింపుంది, కానీ అది నిరూపించాల్సింది బ్యాంకు.

ఇందులో తెలివైన ముక్క అందుకున్న బ్యాంకు వాటా. మోసాలన్నీ ఎవరిదో ఒకరి ఖాతాలోకే దిగాలి. కమీషన్ కోసం తమ ఖాతాను అద్దెకిచ్చేవాళ్లు లేకపోతే ఈ వ్యాపారమే నడవదు. కొత్తగా తెరిచిన ఖాతాలో ఒక్కరోజులో ఎక్కడెక్కడి నుంచో డబ్బు పడి, పడ్డది పడ్డట్టు వెళ్లిపోతుంటే దాన్ని చూడగలిగేది ఆ బ్యాంకే. చూడకపోతే తనకేమీ నష్టం లేనంతకాలం ఎందుకు చూస్తుంది? సింగపూర్ 2024 డిసెంబర్ నుంచి కొన్ని రకాల ఫిషింగ్ (నకిలీ లింకులతో వివరాలు లాగే) మోసాల్లో బ్యాంకులతో పాటు టెలికాం కంపెనీలకూ నిర్దిష్టమైన బాధ్యతలు పెట్టింది, అవి నెరవేర్చకపోతే నష్టపరిహారం వాళ్లదే. దీనివల్ల జనం నిర్లక్ష్యంగా తయారవుతారన్న అభ్యంతరం బ్యాంకుల వైపు నుంచి వస్తుంది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ డబ్బు తిరిగొస్తుందన్న ధీమాతో ఎవరూ గదిలో తలుపేసుకుని రెండు రోజులు భయంతో వణకరు.

దొంగ అన్న మాట కూడా ఇక్కడ సూటిగా లేదు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఆన్‌లైన్ మోసాలు చేయించే శిబిరాల్లో బలవంతంగా చిక్కుకుని ఉండొచ్చు. మంచి జీతమున్న ఉద్యోగమని పిలిపించి, పాస్‌పోర్టు లాక్కుని, రోజువారీ లక్ష్యం చేరకపోతే కొట్టే చోట్లు ఇవి. అక్కణ్నుంచి ఫోన్ చేసే గొంతు నేరస్థుడిదే, బందీదీ అదే. అలా తప్పించుకొచ్చినవాణ్ని విమానాశ్రయంలో నిందితుడిగా లెక్కగట్టి లోపలేస్తే, శిబిరం యజమాని గురించి చెప్పగల సాక్షిని పోగొట్టుకున్నట్టే.

బరువు తూచడం చేతకానిదేమీ కాదు. మార్కస్ హచిన్స్ కేసు అందుకు మంచి ఉదాహరణ. 2017 మేలో, కంప్యూటర్లను బంధించి డబ్బు అడిగే వానక్రై అనే రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రులతో సహా ఎన్నో దేశాల కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు, దాన్ని ఆపిన కుర్రాడు అతను. మూడు నెలలకు అమెరికాలో అరెస్టయ్యాడు. అంతకు ముందెప్పుడో, చిన్న వయసులో, బ్యాంకు వివరాలు దొంగిలించే మాల్‌వేర్ రాయడంలో అతనికి చెయ్యి ఉంది. తప్పు ఒప్పుకున్నాడు. 2019లో జడ్జి రెండువైపులా చూసి, అప్పటికే నిర్బంధంలో గడిపిన కాలం చాలన్నాడు, పైన ఏడాది పర్యవేక్షణ పెట్టాడు. నేరం నేరంగానే రికార్డులో ఉంది, మనిషి మిగిలాడు. ఇలాంటి పిల్లల కోసమే నెదర్లాండ్స్‌లో మొదటిసారి పట్టుబడ్డ కుర్ర హ్యాకర్లను భద్రతా నిపుణుల దగ్గర పనిలో పెట్టే ‘హ్యాక్ రైట్’ కార్యక్రమం నడిచింది. చెడు ఉద్దేశం లేకుండా లోపాలు వెతికి చెప్పే పరిశోధకుల మీద కేసులు పెట్టబోమని అమెరికా న్యాయశాఖ 2022లో విధానం మార్చుకుంది. తాళం సరిగ్గా పడలేదని చెప్పినవాణ్ని దొంగలతో పాటు లోపలేసే రోజులు దీంతో అన్నిచోట్లా పోలేదు, కానీ మొదలైతే అయింది.

దూరం సమస్యకు మందు మాత్రం ఏ ఒక్క దేశం చేతిలోనూ లేదు. 2001లో బుడాపెస్ట్‌లో కుదిరిన సైబర్ నేరాల ఒప్పందం 2004 నుంచి అమల్లో ఉంది, కానీ భారత్, రష్యా, చైనా అందులో లేవు. 2024 డిసెంబర్ 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది, 2025 అక్టోబర్‌లో హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు తమ తమ ఆమోదం తెలిపాక 90వ రోజున అమల్లోకి వస్తుంది. సర్వరు మూడో దేశంలో ఉన్న కేసులకు ఇది నిజంగా అవసరం. దాంట్లో జాగ్రత్తగా చదవాల్సిన నిబంధన ఒకటుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చిపుచ్చుకోవడం సైబర్ నేరాలకే పరిమితం కాదు, నాలుగేళ్లు లేదా అంతకు మించి జైలు పడగల ఏ ‘తీవ్ర నేరానికైనా’ వర్తిస్తుంది. ఏది తీవ్రమో ఒక్కో దేశం తన చట్టంలో రాసుకున్న శిక్షే తేలుస్తుంది. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పోస్టు పెట్టినందుకు ఐదేళ్లు వేసే దేశం కూడా సాక్ష్యం అడగొచ్చు. రెండు దేశాల్లోనూ నేరమైతేనే సహకరిస్తామని, మానవ హక్కులకు విరుద్ధమైతే తిరస్కరిస్తామని చెప్పే వెసులుబాటు ఒప్పందంలోనే ఉంది. దాన్ని తప్పనిసరిగా వాడుకోవాలని తమ చట్టంలో రాసుకోవాల్సింది ఆమోదానికి ముందు ఆయా దేశాల పార్లమెంట్లే.